‘ఎక్స్‌క్విజిట్’ అంటే అందమా, నొప్పా? బాపు డిశ్చార్జ్ కాగితం చూసి ఆగమైతున్న

హన్మకొండ చదువరి | రాత్రి 9:12

అందరికి నమస్తే. ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్) ఉద్యోగ పరీక్షలకు ప్రిపేర్ అయితున్న. మొన్న నడిరాత్రి మా బాపుకు కాలి బొటనవేలు ఎర్రగ వాచింది, దవాఖానకు తీసుకపోయినం. రెండు రోజులు ఉంచుకొని పంపిండ్రు. ఇంట్ల ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చదివి చెప్పుడు నా డ్యూటీ. అండ్ల ఒక లైనున్నది: బొటనవేలి మొదట్ల ‘ఎక్స్‌క్విజిట్ టెండర్‌నెస్’ అని.

కోచింగుల రాసుకున్న వొకాబులరీ నోట్సు తీసి చూసిన. ఎక్స్‌క్విజిట్: మిక్కిలి అందమైన. టెండర్: లేత, మెత్తని. రెండు కలిపితే? అవ్వ పక్కన నిలబడి ‘ఏం రాసిండ్రు బిడ్డా’ అని అడుగుతున్నది. బాపు బొటనవేలు మస్తు ముద్దుగ, లేతగ ఉన్నదని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చిండని చెప్పాల్నా? ఆ రాత్రి వేలికి దుప్పటి అంచు తగిలితేనే బాపు పెట్టిన కేకకు ఎదురింటోళ్ల లైటు వెలిగింది.

టైపింగ్ తప్పా, నా నోట్సు తప్పా? ఎవరన్న చెప్పుండ్రి.

కాజీపేట జంక్షన్ | 9:20

ముందుగాల బాపు ఎట్లున్నడో చెప్పు తమ్మీ, అర్థం తర్వాత చూద్దాం. నేనైతే ఇంటర్ దాంక దాన్ని ‘ఎక్స్‌క్వి సైట్’ అని చదివిన. ఏదో వెంచర్ల ప్లాటు పేరనుకున్న.

నైట్ డ్యూటీ సిస్టర్ | 9:41

టైపింగ్ తప్పు కాదు తమ్ముడూ. నీ నోట్సు కూడా తప్పు కాదు, సగమే ఉంది అంతే.

రెండు పదాలూ దవాఖానలో వేరే పని చేస్తాయి. మొదట టెండర్‌నెస్. మెత్తదనానికీ దానికీ సంబంధం లేదు. ‘నొప్పి’ అంటే పేషంటు నోటితో చెప్పేది. ‘టెండర్‌నెస్’ అంటే మేము వేలు పెట్టి నొక్కితే బయటపడే నొప్పి. కడుపునొప్పి అంటూ వచ్చినవాళ్లకు కడుపు నొక్కి చూస్తాం, కొందరికి నొక్కినా ఏమీ ఉండదు. అప్పుడు నొప్పి ఉందనీ, టెండర్‌నెస్ లేదనీ రాస్తారు.

ఇక ఎక్స్‌క్విజిట్ అంటే ఇక్కడ ‘భరించలేనంత చురుకైన’ అని. ఊరికే ‘ఎక్కువ’ అని కాదు. ఒకే చోట, పదునుగా, వేలు ఆనీ ఆనకముందే ప్రాణం జివ్వుమనడం. మీ బాపుకు దుప్పటి తగిలితే కేక వచ్చిందన్నావు చూడు, ఆ కేకకే డాక్టరు ఇంగ్లీషులో పెట్టిన పేరు అది. రాత్రిపూట, బొటనవేలికి, హఠాత్తుగా అంటే గౌట్ (ఒక రకం కీళ్లవాపు జబ్బు) అయి ఉండాలి. కాగితంలో ఆ మాట కూడా ఉంటుంది చూడు.

ట్రైనింగ్‌లో మొదటిసారి కేస్‌షీట్‌లో ఈ మాట చదివి నేనూ, నా పక్క అమ్మాయీ నవ్వు ఆపుకోలేక వార్డు బయటికి వెళ్లాం. కాబట్టి నువ్వు సిగ్గుపడే పని లేదు.

హన్మకొండ చదువరి | 9:50

అవును అక్కా, గౌట్ అనే ఉన్నది. బాపు ఇప్పుడు మంచిగనే ఉన్నడు, వాపు తగ్గింది. మటన్ బంద్ అన్నరని అలిగి కూసున్నడు, గంతే.

మరి ఒక్క మాటకే అందం, నొప్పి రెండు అర్థాలు ఎట్లొచ్చినయ్? మా కోచింగుల ‘ఎక్స్‌క్విజిట్ ఈజీక్వల్టూ బ్యూటిఫుల్, రాసుకోండి’ అని తర్వాతి మాటకు పోయిండ్రు. రోజుకు వంద మాటల లెక్కన అప్పజెప్పుమనుడే ఆడ.

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 10:25

నాయనా, రోజుకు వంద మాటలు అప్పజెప్పడం కన్నా వారానికి ఒక మాటతో కాపురం చేయడం మేలు. ఈ మాటకు కథ ఉంది, జర ఓపికగా చదువు.

లాటిన్‌లో ‘క్వేరెరే’ అంటే వెతకడం. దాని ముందు ‘ఎక్స్’ చేరితే వెతికి బయటికి తీయడం. ‘ఎక్స్‌క్విసీతుస్’ అంటే గాలించి, ఏరి, బయటికి తీసినది. ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో వచ్చింది. అప్పట్లో అందంతో దానికి పనే లేదు. జాగ్రత్తగా ఎంచినది, పరిశ్రమతో సాధించినది, కచ్చితమైనది, ఇవే దాని అర్థాలు. దాని చుట్టాలన్నీ మనకు తెలిసినవే. క్వశ్చన్, ఎంక్వైరీ, రిక్వెస్ట్, ప్రీరిక్విజిట్ అన్నింటిలో ఉన్నది ఆ ‘వెతుకులాటే’. తాసిల్ ఆఫీసు ఎంక్వైరీ, నవవధువు హారం మీద పొగడ్త ఒకే తాత మనవలంటే నమ్మబుద్ధి కాదు కానీ, నిజం.

తెలుగులో మాట కావాలంటే ‘ఏరికోరి తెచ్చిన’ అనండి. ధాతువు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది.

ఇప్పుడు నొప్పి సంగతి. ఏరి ఏరి, జల్లించి జల్లించి చివరికి మిగిలేది అతి సన్ననిది, అతి పదునైనది. పనితనంలో ఆ సన్నదనం అందం అయింది. ఒంటికి తగిలినప్పుడు ఆ పదును బాధ అయింది. ఆనందానికి కూడా వాడతారు, ‘ఎక్స్‌క్విజిట్ ప్లెజర్’ అంటే సంతోషం పరాకాష్ఠ అన్నమాట. అందం అనేది ఈ మాట అర్థాల్లో ఒక కొమ్మ మాత్రమే. మీ కోచింగ్ వారు కొమ్మను చూపించి చెట్టని చెప్పారు.

ఇంకో తమాషా. ‘ఎలిగెంట్’ కూడా ఏరుకోవడం నుంచే వచ్చింది. లాటిన్ ‘ఎలిగెరే’ అంటే ఎంచుకోవడం. ఎలక్షన్ దానికి అన్నదమ్ముల బిడ్డ. అయినా ఎలిగెంట్ అంటే ఎంపికలో నిగ్రహం, ఏది వదిలేయాలో తెలియడం. ఎక్స్‌క్విజిట్ అంటే పనిలో సూక్ష్మం. తెల్లటి నేత చీర, సన్నని అంచు, మెడలో ఒకటే గొలుసు ఉంటే ఎలిగెంట్. ఆ గొలుసును చేతిలోకి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంటే, లింకు లింకుకూ చెక్కిన మొగ్గ కనిపిస్తే, అది ఎక్స్‌క్విజిట్.

కాజీపేట జంక్షన్ | 10:31

ఎలక్షన్‌కు ఎలిగెంట్‌కు చుట్టరికమా సార్! మా వార్డుల పోటీచేసేటోళ్లకు ఈ ముచ్చట చెప్పకుండ్రి, ఫ్లెక్సీల మీద వేసుకుంటరు.

మట్టెవాడ భాయ్ | 10:48

పంతులుగారి మాట నిజం. మా ఇంట్ల ఉర్దూ మాట్లాడుతం, మాకు ఇది కొత్త అనిపియ్యది. ‘నాజుక్’ తీసుకోండి. మీరు తెలుగుల నాజూకు అంటరు, నడుము నాజూకు, వేళ్లు నాజూకు. మా దగ్గర దవాఖాన బయట ‘హాలత్ నాజుక్ హై’ అంటే మనిషి చావుబతుకుల మధ్య ఉన్నడని. గదే మాట. సన్నగుంది అని పొగిడినా, సన్నటి దారానికి యాలాడుతుంది అని భయపడ్డా నాజుకే.

ఎక్స్‌క్విజిట్‌కు పక్కా జోడీ కావాలంటే మాత్రం ‘నఫీస్’. మా అబ్బాజాన్ బజార్ల అత్తరు మూత తీసి వాసన చూసి, ‘నఫీస్ చీజ్ హై’ అంటే ఇగ బేరం ఆడకుండ కొనేటోడు. ‘అచ్ఛా హై’ అంటే బేరం. ‘ఖూబ్‌సూరత్’ అని అత్తరును ఎవ్వరు అనరు కద! గట్లనే ఎక్స్‌క్విజిట్‌కు కన్నే ఉండాల్నని లేదు. ముక్కుకు, నాలుకకు, చెవికి కూడా పడ్తది.

నర్సంపేట అక్క | 11:02

మన తెలుగుల గూడ ఉన్నది కదా! ‘తీపు’. తియ్యదనం తీపే, నొప్పి తీపే. మా అత్తమ్మ వాళ్లది ఖమ్మం దిక్కు, ‘కాళ్లు తీపులు’ అంటది. నేను పెండ్లయిన కొత్తల షుగరు కాళ్లకు దిగిందేమో అనుకున్న.

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 11:15

అమ్మా, ఉదాహరణ ముచ్చటగా ఉంది కానీ ఒప్పుకోలేను. ఆ రెండు తీపులూ వేర్వేరు. తియ్యదనం ‘తీయని’ నుంచి, కాళ్ల తీపు ‘తీయు’ నుంచి, అంటే లాగు. మన దిక్కు ‘కాళ్లు గుంజుతున్నయ్’ అంటాం చూడండి, అదే భావం. ఉచ్చారణ కలిసింది, వంశం కలవలేదు. ఎక్స్‌క్విజిట్‌లో మాత్రం ఒకే మాట రెండు దారులు పట్టింది.

నర్సంపేట అక్క | 11:17

సరే సార్, ఓడిపోయిన. అత్తమ్మకు చెప్పను గని.

వెండితీగ కరీంనగర్ | మరునాడు, ఉదయం 6:55

ఈ ముచ్చట నాకు టైముకు దొరికింది. మాది ఫిలిగ్రీ, అంటే సన్న వెండితీగె అల్లిక పని చేసే ఇల్లు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007ల జీఐ (ఫలాన ఊరి సరుకు అని చెప్పే) గుర్తింపు వచ్చింది, తెలిసే ఉంటది. నాయన, చిన్నాయన పనిల కూసుంటరు, నేను అమ్మకం చూస్త. కమ్మల డబ్బాల పెట్టనీకి ఇంగ్లీషుల చిన్న కార్డు అచ్చేయించాలె. డీటీపీ అతను ‘ఎక్స్‌క్విజిట్ హ్యాండ్‌క్రాఫ్టెడ్ జువెలరీ’ అని కొట్టి ఇచ్చిండు. ఆన్‌లైన్ల జూస్తే మిషన్ల గుద్దిన గిల్టు కమ్మల కిందగూడ గదే మాట. మాకు సరిపోతదా, లేకుంటె మార్చాల్నా?

పని ఎట్లుంటదో చెప్త, మీరే తేల్చుండ్రి. వెండి కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చుల గుంజుతరు. కమ్మచ్చు అంటే ఇనుప పలక, వరుసగ బెజ్జాలు, ఒకదాని కన్న ఒకటి సన్నం. పెద్ద బెజ్జంల నుంచి మొదలువెట్టి ఒక్కో బెజ్జం దాటిచ్చుకుంట పోతే ఆఖరికి తీగె వెంట్రుక తీరుగ వస్తది. గసువంటివి రెండు తీగెలు కలిపి పురి పెడ్తరు, ఆ పురిని అదిమి చదును జేస్తరు. అప్పుడు అంచు మీద సన్న పండ్లు పడ్తయ్, జూస్తే గింజలు పేర్చినట్టు ఉంటది. మందం తీగెతోటి ఆకో పువ్వో చట్రం కట్టి, లోపల ఈ పండ్ల తీగెను పట్కారుతోటి సుట్టలు సుట్టలుగ నింపుతరు. గురిగింజ నూరిన జిగురుతోటి కదలకుండ నిలబెట్టి, అతుకుపడనీకి వెలిగారం, టాంకం జల్లి మంట ఊదుడు. మంట ఒక్క లెక్క ఎక్కువైందంటే టాంకం కన్న ముందు తీగెనే కరిగి ముద్దైతది. పొద్దటి సంది చేసింది పొగల పోతది. ఆఖరుకు కుంకుడు రసంల తోమితే తెల్లగ తేల్తది.

మా చిన్నాయనకు ఈ ఏడు కండ్లద్దాలు మారినయ్. గిది కార్డుల రాయలేం గద.

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 7:30

కమ్మచ్చు! ఈ మాట విని ఎన్నాళ్లయింది. ‘కమ్మచ్చున తీసిన తీగలాంటి మనిషి’ అనేది మా నాయనమ్మ, సన్నగా చక్కగా ఉన్న పిల్లను చూసి. ఎక్స్‌క్విజిట్‌కు తెలుగు ఏమిటని రాత్రంతా తలగొట్టుకున్నాను. ఒక్కొక్క బెజ్జం దాటించి సన్నం చేసినది, అంతకన్న సరైన పోలిక నాకు దొరకదు. బాబూ, ఈ ప్రపంచంలో ఆ మాట వాడుకునే హక్కు ఎవరికైనా ఉందంటే మీ ఇంటికి ఉంది.

అయితే మీ డీటీపీ అతని వాక్యం నాకు నచ్చలేదు. ‘జువెలరీ’ మొత్తానికి తగిలిస్తే మాట పలచబడుతుంది. దేనికి తగిలించాలో చూసుకోండి. ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా ‘వర్క్‌మన్‌షిప్’, ‘డీటెయిల్’, ‘టేస్ట్’, ‘టైమింగ్’ లాంటి వాటి పక్కన పెడతారు. ‘ఎక్స్‌క్విజిట్ ట్విస్టెడ్ వైర్ వర్క్’ అంటే కొన్నవాడు కమ్మను ఎత్తి ఆ పురి కోసం చూస్తాడు.

పాలంపేట దారి | 8:10

టూరిస్టులను రామప్పకు తిప్పుత, కారు నాదే. సైజు లెక్క ఒకటి చెప్త, నాకు అనుభవం మీద తెలిసింది. ఖిలా వరంగల్‌ల తోరణాల కాడ దింపితే ఇంగ్లీషోళ్లు ‘గ్రాండ్’ అంటరు, ‘మెజెస్టిక్’ అంటరు, మెడ పైకి ఎత్తి. రామప్పల గూడ బయట నిలబడ్డప్పుడు, ఆ నక్షత్రం తీరు ఎత్తు పీఠం, ఎర్ర రాతి గోడలు చూసి ‘బ్యూటిఫుల్’ అంటరు. ఎక్స్‌క్విజిట్ అనే మాట నేను విన్నది ఎప్పుడు అంటే, కప్పు కింద ఉన్న నల్లరాతి మదనికల (ఆడబొమ్మల) దగ్గరికి పోయి, మెడల హారం కింద హారం నీడ పడ్డది చూసినప్పుడు. నీడ గూడ రాతిల చెక్కినట్టే ఉంటది. పన్నెండు మంది మదనికలు, ఒక్కతి కాళ్లకు మడమలెత్తు చెప్పులు ఉంటయ్, అందరు అక్కడనే ఆగి ఫోటో తీస్తరు. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కోలకు ఎక్కింది.

అంటే మెడ పైకెత్తితే గ్రాండు. కండ్లు చిన్నగ చేసి దగ్గరికి వంగితే ఎక్స్‌క్విజిట్. నా డిక్షనరీ గింతే.

కొత్తవాడ మగ్గం | 8:44

పాలంపేట అన్నది బరాబర్. మా జంపఖానాలకు ఒకాయన వెబ్‌సైట్ల ‘ఎక్స్‌క్విజిట్’ అని పెట్టిండు, నాకైతే నవ్వొచ్చింది. వరంగల్ జంపఖానాకు 2018ల జీఐ వచ్చింది, మాకు గర్వమే. గని మా సరుకు తీరే వేరు. దళసరి నూలు, పెద్ద పెద్ద గీతలు, ఎర్ర పక్కన నీలం గట్టిగ కొడ్తది. పెండ్లిల పరిస్తే యాభై మంది కూసుంటరు, ఉతికి ఆరేస్తే మళ్ల గట్లనే. దాని అందం దూరంకెళ్లి చూస్తేనే. దాన్ని నాజూకు అన్నరంటే నా మగ్గానికి అవమానం. పంతులు సార్, మరి మాకు ఏ మాట?

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 9:05

‘హ్యాండ్‌సమ్’ అని రాసుకో నాయనా. మనుషులకే కాదు, గట్టి చెయ్యి పడిన వస్తువులకు కూడా ఆ మాట వాడతారు. ‘బోల్డ్’ కూడా నప్పుతుంది. ఎక్స్‌క్విజిట్ లేకపోతే తక్కువ అయినట్టు కాదు.

భద్రకాళి కట్ట మీద | 9:32

ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావట్లేదు. నేను చీరల పేజీకి క్యాప్షన్లు రాసి బతుకుతున్నాను. రోజుకు నలభై చీరలు, నలభైసార్లు ఎక్స్‌క్విజిట్. చదివేవాళ్లు ఆ మాటను చూడరు, ధర చూస్తారు. ఏరి తెచ్చినది అని మీరంటున్నారు, మా గోడౌన్‌లో ఏరేదేమీ లేదు, మూటలు విప్పుతారు. ఆ మాట ఎప్పుడో చచ్చిపోయింది. కరీంనగర్ తమ్ముడు అది పూర్తిగా తీసేసి, ఒక జత కమ్మలకు ఎన్ని రోజులు పడుతుందో రాసుకోవడం మంచిది. వెంట్రుకంత తీగ అని మీరు రాసిన ముక్కతో నేనే కొనాలనుకున్నాను, ఏ విశేషణమూ లేకుండా.

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 9:58

అమ్మా, మీ మాటలో నిజం ఉంది కాబట్టే బాధగా ఉంది. అయినా దవాఖానలో అది బతికే ఉంది చూడండి. అక్కడ నలభైసార్లు రాయరు, దుప్పటి తగిలితే కేక పెట్టినవాడికే రాస్తారు.

కాజీపేట జంక్షన్ | 10:15

నాకొక డౌటున్నది. అమ్మాయిని ఎక్స్‌క్విజిట్ అనొచ్చా?

నర్సంపేట అక్క | 10:17

అనుడుకు ముందు అమ్మాయి ఉన్నదా?

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 10:40

పాతకాలంలో నిస్సంకోచంగా అనేవారు. ఇప్పుడు మనిషిని మొత్తంగా అంటే కొంచెం నాటకీయంగా, గాజు బీరువాలో బొమ్మను పొగిడినట్టు ఉంటుంది. ఆమె వేసిన ముగ్గును అను, ఆమె పాటలోని గమకాన్ని అను, ఫలిస్తుంది. ‘వెరీ ఎక్స్‌క్విజిట్’ అని మాత్రం అనకు. మాటలోనే చివరి మెట్టు ఉంది, దాని మీద స్టూలు వేయకూడదు. ఒకప్పుడు ఇంగ్లండులో మితిమీరి సోకు చేసుకునే మగవాళ్లను ‘ఎక్స్‌క్విజిట్’ అనే పిలిచేవారు, నామవాచకంగా. షోకిలా అన్నమాట. అది నీకు రాకుండా చూసుకో.

పలకడం గురించి రాత్రే చెప్పాల్సింది. మొదట్లో ‘ఎక్’ మీద ఒత్తి పలికేవారు, ఇప్పుడు ‘క్విజ్’ మీద ఒత్తేవారూ బోలెడంత మంది. డిక్షనరీలు రెండూ ఒప్పుకుంటాయి. ‘సైట్’ ఎక్కడా లేదు.

నైట్ డ్యూటీ సిస్టర్ | మధ్యాహ్నం 2:20

ఇప్పుడే నిద్ర లేచి మొత్తం చదివాను. ఒకటి చెప్పకుండా ఉండలేను. గౌట్‌లో కీలులోకి చేరేవి యూరేట్ స్ఫటికాలు. మైక్రోస్కోప్ కింద పెడితే సన్నటి సూదుల్లా ఉంటాయి, రెండు కొసలా మొనలు. ల్యాబులో ఒకసారి చూపించారు. మట్టెవాడ అన్న చెప్పిన నాజుక్కూ, తమ్ముడి వెండి తీగా చదువుతుంటే అవే కళ్లముందుకొచ్చాయి.

చదువరి తమ్ముడూ, వాపు తగ్గింది కదా అని మందులు మధ్యలో ఆపొద్దు. నీళ్లు బాగా తాగించు. మటన్ సంగతి మీ డాక్టరు చెప్పినట్టే.

కాజీపేట జంక్షన్ | 2:31

అంటే బాపు బొటనవేల్ల ఫిలిగ్రీ పని నడిచిందన్నట్టు!

హన్మకొండ చదువరి | 7:05

గీ ముచ్చట బాపుకు చదివి వినిపిచ్చిన. నవ్విండు గని, ‘సూదులు కాదురా, దబ్బనాలు’ అన్నడు. అవ్వకు ‘ముట్టుకుంటె పాణం పోయేటంత నొప్పి అని రాసిండ్రు’ అని చెప్పిన. ‘గా మాత్రం రాయనీకి రెండు రోజులు ఉంచుకున్నరా’ అన్నది.

నోట్సుల ‘మిక్కిలి అందమైన’ కొట్టేయలే. పక్కన ‘కమ్మచ్చు, దుప్పటి’ అని రాసుకున్న. పరీక్షల మాత్రం గదే వస్తది అనుకుంట, ఆపోజిట్ అడుగుతరు, ‘క్రూడ్’ పెట్టి వస్త.

వెండితీగ కరీంనగర్ | 8:50

చీరల అక్క మాట, పంతులు సార్ మాట రెండూ ఉంచిన. కార్డు ముందుపక్క తీగె ఎట్ల గుంజుతరో మూడు లైన్లు, చేసినాయన పేరు. వెనకపక్క ఒక్కటే సారి, పురి తీగె పని పక్కన, ఎక్స్‌క్విజిట్. ఇయ్యాల ప్రూఫు వచ్చింది. ‘క్యూ’ ఉండాల్సిన కాడ ‘సి’ కొట్టిండు డీటీపీ అతను. రేపు పొద్దుగాల పోయి కూసుంట, ఒక్కొక్క అక్షరం చెప్పి కొట్టిస్త. సార్, ‘క్యూ’ తర్వాత ‘యు’, గటెన్క ‘ఐ’, ‘ఎస్’, ‘ఐ’, ‘టి’, ‘ఈ’. కరెక్టే గద?

రిటైర్డ్ ఇంగ్లీషు పంతులు | 8:58

కరెక్టే. ముందర ‘ఈ’, ‘ఎక్స్’ మర్చిపోకు.